మధ్యాహ్నం మొండికేసే జనరేటరు

పోయిన వారం మా ఆసుపత్రి నీళ్ల పంపు మోటారుకు కొత్త రాగి తీగతో వైండింగు చేయించి తెచ్చారు. కర్నూలు ఎండకు రేకుల షెడ్డు అప్పటికే కాగిపోయి ఉంది. తలుపు తీయగానే, ఇంకా పూర్తిగా ఆరని వార్నిష్ వాసన ముఖానికి కొట్టింది. మాడిన బెల్లంలో టర్పెంటైన్ కలిపినట్లుండే వాసన అది. నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం మోటారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రటి తీగల వరసలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. బద్వేలులో ఒక ఇరుకు కొట్టు, అందులో గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, నోటిలో లెక్క పెట్టుకుంటూ రాగి తీగ చుట్టే ఒక మనిషి నాకు కనిపించారు. ఆమె పేరు నూర్జహాన్. నేను నూర్జహానక్క అని పిలిచేదాన్ని. నేను ఈరోజు చేస్తున్న ఉద్యోగం ఆమె ఇప్పించింది కాదు. కానీ ఉద్యోగం చేసే పద్ధతి మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కడపలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను గానీ, పరీక్షల కోసం తప్ప స్క్రూడ్రైవరు పట్టిన మనిషిని కాదు. బద్వేలు దగ్గరి జలాశయంలో ఒక ప్రైవేటు యజమాని రెండంతస్తుల పడవ ఒకటి నడిపేవాడు. దానికి మేనేజరుగా చేరాను. రేవు దగ్గర చిన్న గది, కూలరు, టికెట్ల పుస్తకం, ఫోను, ఇదీ నా సామ్రాజ్యం. పడవ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్లి రావాలి. నీళ్ల నడుమ ఉన్న దిబ్బ దగ్గర గంటసేపు ఆగుతుంది. జనం దిగి తిని, ఫోటోలు తీసుకుని మళ్లీ ఎక్కుతారు. పడవను నడిపే ఇంజను వేరు. ఫ్యాన్లకు, దీపాలకు, అడుగున చేరే నీటిని తోడే పంపుకు కరెంటు ఇచ్చే డీజిల్ జనరేటరు వేరు. అది వెనకవైపు ఒక ఇనుప పెట్టెలో ఉండేది. అది నడవకపోతే పంపు నడవదు. పంపు నడవకపోతే జనాన్ని ఎక్కించుకోకూడదు.

ఆ వేసవిలో జనరేటరుకు ఒక వింత జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క తాళం తిప్పుకే లేచేది. దిబ్బ దగ్గర ఆపి, గంట తర్వాత తిప్పితే లేచేది కాదు. డ్రైవరు ఓబులేసు ఒక పక్క బకెట్లతో నీళ్లు తోడుకుంటూ, జనాన్ని ఎలాగో ఒడ్డుకు చేర్చి, మధ్యాహ్నం ట్రిప్పు రద్దు చేయించేవాడు. కబురు పెడితే మెకానిక్కు సాయంత్రం చల్లబడ్డాక వచ్చేవాడు. తాళం తిప్పేవాడు. అది బుద్ధిగా లేచి కూర్చునేది. ఇలా అయిదారుసార్లు జరిగింది. కొత్త బ్యాటరీ వేశారు. ఫిల్టర్లు మార్చారు. అయినా అంతే. కడపలో ఉండే యజమాని ఒకరోజు ఫోనులో నవ్వాడు. "పొద్దన్న పనిచేసే మిషను మధ్యానం ఎందుకు చేయదమ్మా? మిషనుకు సోమరితనం ఉంటాదా? మనిషికి ఉంటాది. మధ్యానం ఇంటికి పోయి పండుకోవల్లని ఆ ఓబులేసు ఏదో చేస్తాండాడు. నువ్వు కాగితం రాసి పంపు" అన్నాడు.

నేను రాశాను. ఎవరో బలవంతం చేసి రాయించారని చెప్పుకోవడానికి లేదు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఓబులేసు నలభై ఏళ్ల మనిషి, మాటలు తక్కువ, నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవాడు. ఆ తప్పుకోవడం కూడా నాకు నేరం చేసినవాడి లక్షణంగానే కనిపించింది. 'జనరేటరులో లోపం లేదని మెకానిక్కు నిర్ధారించినందున, డ్రైవరు ఉద్దేశపూర్వకంగా ప్రయాణాలు ఆపుతున్నట్లు భావించవలసి వస్తోంది' అని చక్కటి దస్తూరితో రాసి, ఫోటో తీసి పంపాను. సోమవారం నుంచి కొత్త డ్రైవరు వస్తాడని యజమాని జవాబిచ్చాడు. అదే ఫోనులో, ఎందుకైనా మంచిది, జనరేటరును తిప్పి లేపే సెల్ఫ్ మోటారును బద్వేలులో రీవైండింగు చేయించి పెట్టమని కూడా చెప్పాడు. ఆ సెల్ఫ్ మోటారును గోనెసంచిలో పెట్టుకుని, బుధవారం పొద్దున ఆటోలో నూర్జహానక్క కొట్టుకు వెళ్లాను. ఆమెను చూడడం అదే మొదటిసారి.

యాభై దాటిన మనిషి. తల మీద కొంగు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, వార్నిష్ మరకలతో గోధుమరంగుకు తిరిగిన వేళ్లు. ఆమె భర్త బోరు మోటార్లు దించే పనిచేసేవారట. ఒకసారి గొలుసు తెగి కుడిచేయి దెబ్బతిన్నది. ఆయన చెబుతుంటే ఈమె చుట్టడం మొదలుపెట్టారు. ఆయన పోయినా పని ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు మోటారు కాలితే ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను వెళ్లేసరికి ఏదో కాయిల్ చుడుతున్నారు. పలకరిస్తే చేయెత్తి ఆగమన్నారు. లెక్క పూర్తయ్యాక తీగ చివర మెలిపెట్టి, అప్పుడు తలెత్తి, "ఇప్పుడు చెప్పు పాపా. నడుమలో పలికింటే మొదట్నించీ చుట్టాల్సి వచ్చేది" అన్నారు.

సెల్ఫ్ మోటారును విప్పి చూశారు. బ్యాటరీ తగిలించి తిప్పారు. గిర్రున తిరిగింది. "దీనికేం రోగం ల్యా. నేను చుట్టను" అన్నారు. వేడెక్కితేనే పనిచేయదని నేను చెప్పాను. ఆ మాట వినగానే ఆమె ముఖం మారిపోయింది. చిన్నపిల్లకు కొత్త బొమ్మ చూపించినట్లయింది. "అవునా? వేడికా?" అని, మోటారును తీసుకెళ్లి వాకిట్లో ఎండకు కాగుతున్న రేకు మీద పెట్టారు. రెండు గంటలసేపు నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తన పని తాను చేసుకున్నారు. తర్వాత పాతగుడ్డతో పట్టుకుని తెచ్చి మళ్లీ బ్యాటరీ తగిలించారు. అంతే జోరుగా తిరిగింది.

"ఆడ మొండికేసినప్పుడు సెల్ఫ్ తిరుగుతాందా, తిరగడం ల్యాదా?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను.

"పొగ వస్తాందా?"

అదీ తెలియదు.

"మళ్లా ఎంతసేపటికి లేస్తాది?"

నేను ఖాళీ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను. ఆమెకు కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి, "ఆ టైముకు ఆడ ఎవరుంటారు మరి?" అన్నారు.

"డ్రైవరు."

"ఆ యప్పను అడిగినావా?"

"అతని మాట నమ్మడానికి లేదక్కా."

"నమ్మొద్దులే. అడుగు" అన్నారు నూర్జహానక్క. "నమ్మేది మానేది తర్వాత. అడిగేదానికేం పోయింది?"

మర్నాడు ఆమే వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. కొట్టుకు తాళం వేసి, ఒక చేతిసంచిలో మీటరు, పాతగుడ్డలు, టిఫిను పెట్టుకుని బస్సులో వచ్చి దిగారు. "నాకు రాత్రంతా అదే గుర్తుకొస్తా ఉండాది పాపా. వేడైతే లేయదంటే యాడ తప్పుకుంటాండాది అది?" అన్నారు. సెల్ఫ్ మోటారు మళ్లీ బిగించారు. పొద్దుటి ట్రిప్పులో ఆమెతో పాటు నేనూ ఎక్కాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, చేరిన మూడు నెలల్లో నేను ఆ పడవలో దిబ్బ దాకా వెళ్లడం అదే మొదలు. ఎండ నాకు పడదు.

దిబ్బ దగ్గర జనం దిగిపోయారు. ఓబులేసు జనరేటరు ఆపి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నూర్జహానక్క అతణ్ని పిలిచి పక్కన కూర్చోమన్నారు. అతను నా వైపు చూసి, నిలబడే ఉన్నాడు. "ఏమప్పా, ఇది నీకు ఎట్లా మొండికేస్తాదో నాకు మొత్తం చెప్పల్ల. ఏం ఇడిసిపెట్టద్దు" అన్నారామె.

ఓబులేసు మెల్లగా మొదలుపెట్టాడు. సెల్ఫ్ బాగానే తిరుగుతుందట. పొగ మాత్రం అసలు రాదట. ఆపిన పది నిమిషాల లోపల తిప్పితే ఒక్కోసారి లేస్తుందట, అరగంటకు తిప్పితే లేవదట, పెట్టె మూత తీసి, చెట్టు నీడలోకి పడవను లాగి రెండు గంటలు పెడితే మళ్లీ లేస్తుందట. మబ్బు పట్టిన రోజున ఎప్పుడూ మొండికేయలేదట. అతను చెబుతుంటే నాకు చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లుగా ఇన్ని సంగతులు ఈ మనిషి తలలో ఉన్నాయి. మెకానిక్కు అడగలేదు. యజమాని అడగలేదు. ఇరవై అడుగుల దూరంలో కూర్చున్న నేనూ అడగలేదు.

"పొగ ల్యాదంటే డీజిలు లోపలికి పోవడం ల్యాదు. జనరేటరుకు ఆకలే, నోరు తెరవడం ల్యాదంతే" అని ఆమె నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "మొదటిసారి ఇట్లా అయ్యేదానికి ముందు దీంట్లో ఏమన్నా మార్చినారా పాపా?" అని అడిగారు.

"ఏమీ మార్చలేదక్కా" అన్నాను.

ఓబులేసు నోరు తెరవబోయి మూసుకోవడం నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

అరగంట గడిచాక తాళం తిప్పించారు. సెల్ఫ్ తిరిగింది, జనరేటరు లేవలేదు. నూర్జహానక్క ఒక గుడ్డను నీళ్లలో ముంచి డీజిలు గొట్టం మీద కప్పారు. కాసేపాగి తిప్పించారు. లేవలేదు. రెండో గుడ్డను పంపు మీద కప్పారు. లేవలేదు. మూడో గుడ్డ చిన్నది. డీజిలుకు దారి తెరిచే కవాటం మీద బొటనవేలంత కాయిల్ ఒకటి ఉంటుంది. తాళం తిప్పగానే ఆ కాయిల్ అయస్కాంతమై కవాటాన్ని లాగాలి. దాని మీద తడిగుడ్డ చుట్టి, అది చల్లబడేదాకా నీళ్లు చల్లుతూ కూర్చున్నారు. ఈసారి తాళం తిప్పితే 'టిక్' మన్నది. వెంటనే నల్లటి పొగ కక్కి జనరేటరు లేచింది. ఓబులేసు నవ్వాడు. అతని పళ్లు నేను చూడడం అదే మొదటిసారి.

"రాగి కాగితే కరెంటుకు అడ్డం పడతాది. ఈ కాయిలు ముసలిదైంది. కొత్తది చుట్టుకొస్తా" అని ఆమె వెళ్లిపోయారు. శుక్రవారమంతా దానితోనే కూర్చున్నారట. శనివారం దాన్ని బిగించడానికి వచ్చేసరికి యజమాని కూడా కడప నుంచి వచ్చి ఉన్నాడు. అందరం దిబ్బ దాకా వెళ్లాం. జనరేటరు ఆపి, అరగంట ఆగి, ఓబులేసు తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది. పొగ లేదు. మళ్లీ తిప్పాడు. ఏమీ లేదు.

యజమాని గడియారం చూసుకున్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా. తిప్పే చెయ్యి సరిగా ఉంటే కదా" అని ఓబులేసు వైపు చూసి, చెట్టు కిందకు భోజనానికి వెళ్లిపోయాడు. ఓబులేసు తాళంచెవి తీసి నా చేతికిచ్చాడు. "సోమవారం దాకా ఎందుకు మేడం" అన్నాడు. కొత్త డ్రైవరు కబురు అప్పటికే అతనికి చేరినట్లుంది.

నా చూపు నూర్జహానక్క మీదనే ఉంది. అంతమంది ముందు ఆమె పని వట్టిదైపోయింది. నేనైతే తప్పు జనరేటరు కంపెనీదనో తీగ నాసిరకమనో ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, "నేను చెప్పింది తప్పు" అన్నారు. గొంతులో సిగ్గు లేదు. పైగా, చెబితే నమ్మరు, ఏదో ఉత్సాహం ఉంది. "కాయిలు బాగుండాది. అంటే దాని దగ్గరికి వచ్చే కరెంటే చాలడం ల్యా. చల్లగా ఉన్నప్పుడు ఆ కొంచెంతోనే ఎట్లనో ఈడుస్తాండాది. కాగినాక ఈడవలేకపోతాండాది. తాళం మళ్లా తీసుకో అప్పా, ఇంకా పనుండాది" అని ఓబులేసును కూర్చోబెట్టారు.

అతను తిప్పుతుంటే ఆమె మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ దగ్గర పదకొండు వోల్టులు. కాయిల్ దగ్గర ఎనిమిది. ఆ మూడూ దారిలో ఎక్కడో పోతున్నాయి. తీగ వెంబడి జానెడు జానెడుగా వెతుక్కుంటూ, పడవ అడుగున బోర్లా పడుకుని చేయి దూర్చారు. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. నేను టార్చి పట్టుకున్నాను. పలక వెనక, తడి తగిలే చోట, నల్ల టేపు చుట్టిన ముడి ఒకటి బయటపడింది. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, పొడి పొడిగా రాలింది. ఆ ముడి నుంచి ఇంకో సన్నటి తీగ పైకి పోతోంది.

"ఈ తీగ దేనిది?" అన్నారామె.

టార్చి వెలుగును ఆ తీగ వెంబడి పైకి జరిపాను. అది మైకుపెట్టె దాకా పోయింది. నేను చేరిన మొదటి నెలలో, జనానికి జాగ్రత్తలు చెప్పడానికి బాగుంటుందని యజమానిని ఒప్పించి పెట్టించిన మైకు. బద్వేలు నుంచి ఎలక్ట్రీషియన్ను పిలిపించింది నేను. దగ్గరలో ఏ తీగ ఉంటే దాన్ని కోసి కలిపి తొందరగా ముగించమన్నది కూడా నేనే.

ఓబులేసు అప్పుడు మెల్లగా అన్నాడు. "మైకు పెట్టిన నెలకు మొదలైంది మేడం. మొన్న అక్క అడిగినప్పుడే చెబుదామనుకున్నా. మీరు ఏమీ మార్చలేదని అంటిరి. ఇంక నేనేం చెప్పేది?"

నేను టార్చి ఆర్పాను. ఎందుకు ఆర్పానో తెలియదు, ముఖం దాచుకోవడానికేనేమో. నూర్జహానక్క ఆ చీకట్లోనే సంచిలో చేయి పెట్టి వెతికారు. "ఎలిగించు పాపా, ముడి కోయల్ల" అన్నారంతే. కుళ్లిన ముక్క కోసేసి, కొత్త తీగ వేసి, సీసంతో అతికించి, మైకు తీగను వేరే దారిలో కలిపారు. మంట కక్కుతున్న ఎండలో, కాగి ఉన్న జనరేటరును ఓబులేసు ఒక్కసారి తిప్పాడు. లేచింది. ఆపి మళ్లీ తిప్పాడు. లేచింది. అలా ఏడెనిమిదిసార్లు ఆపి లేపాడు. ఆగమని మేమెవరమూ చెప్పలేదు.

యజమాని దూరంగా చేయి కడుక్కుంటున్నాడు. "ఏం చెప్పాలక్కా ఆయనకు?" అని అడిగాను. ఆమె సామాను సంచిలో సర్దుకుంటూ, "తీగ చెడింది, బాగయింది. నేను చెప్పేది అంతవరకే. ఎవరు కోయించినారనేది నాకు అవసరం ల్యా. నీకు అవసరముంటే నువ్వు చెప్పుకో" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను, దొరకలేదు. ఆ చెట్టు దాకా నడిచిన యాభై అడుగులు ఇప్పటికీ జ్ఞాపకం. మైకు సంగతి, ముడి సంగతి, నా కాగితం సంగతి అన్నీ ఓబులేసు వినేలా గట్టిగానే చెప్పాను. యజమాని చేయి తుడుచుకుంటూ, "సరేలేమ్మా, ఉండనీ అతన్నే" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రం తిరిగి వచ్చాక ఓబులేసుకు క్షమాపణ చెప్పాను. అతను, "మీరు ఒక్క మధ్యానం పడవెక్కి చూసింటే సరిపోయేది మేడం" అన్నాడు. సోమవారం మామూలుగానే పనిలోకి వచ్చాడు. కానీ నేను వేసిన నింద కాగితంలాంటిది కాదు, వెనక్కి తీసుకోవడానికి. చాలా నెలలు నాతో పని మాటలే మాట్లాడాడు. మరుసటి ఏడు కూతురి పుట్టువెంట్రుకలు తీయిస్తూ నన్ను కూడా పిలిచాడు. వెళ్లాను.

ఆ తర్వాత రెండేళ్లు ప్రతి సెలవు రోజూ నేను బద్వేలు కొట్టులోనే ఉన్నాను. చుట్టడం నేర్పమని అడిగితే నూర్జహానక్క మొదటి నెలంతా కాలిన మోటార్లు విప్పడమే నేర్పారు. ఎక్కడ కాలిందో చూసి, ఎలా కాలి ఉంటుందో చెప్పమనేవారు. నేను టకీమని చెబితే, "ఇంకోటి చెప్పు" అనేవారు. అదీ చెబితే, "ఇంకోటి" అనేవారు. మూడో కారణం కోసం తడుముకునే వేళకు నాకు మోటారు నిజంగా కనిపించడం మొదలయ్యేది. ఒకసారి ఒక రైతు తన మోటారు మూడోసారి కాలిందని, ఆమె పనిలోనే లోపమని కేకలు వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం, "అయ్యుండొచ్చు. చూద్దాం పా" అని అతని బండి వెనక కూర్చుని పొలానికి పోయారు. తిరిగి వచ్చి, "నాదే తప్పు, పాపా. ఒక వరస తక్కువ చుట్టినా" అని చెప్పి, ఆ మోటారు ముందేసుకుని కూర్చున్నారు. ఆ పూట ఆమె అన్నం తినలేదు. చుట్టడం అయ్యాక తిన్నారు.

ఈ ఆసుపత్రి మోటార్లు, కరెంటు చూసుకునే ఉద్యోగానికి నేను కర్నూలుకు వచ్చాక ఆమె కొట్టు మూసి డోన్‌లో కూతురి దగ్గరికి చేరారు. ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆఖరుసారి చూడడానికి వెళ్లినప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఒకటి గురగురమంటోంది. ముక్కుకు గొట్టం ఉన్నా, నన్ను చేత్తో దగ్గరికి పిలిచి, "దీని లోపల మోటారు ఎంత ఉంటాది? గాలి యాడ నుంచి పట్టుకుంటాది?" అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. "ఇప్పి చూడాల్సిందే" అన్నారు. కూతురు తలకొట్టుకుంది. మేము ముగ్గురం నవ్వాం. నెల తిరక్కుండానే ఆమె పోయారు.

ఇప్పుడు నా కింద తొమ్మిదిమంది పనిచేస్తారు. ఫలానావాడు నిద్రపోయాడనో, ఫలానావాడు పంపు కాల్చాడనో కాగితాలు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. నేను ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఏమీ విడిచిపెట్టకుండా చెప్పమంటాను. చెడిపోతుందన్న వేళకే అక్కడికి వెళ్లి నిలబడతాను, ఎండ పడకపోయినా. ఇవి చేయడం కష్టం కాదు. కష్టమైనది ఇంకోటి ఉంది. సంతకం పెట్టే ముందు, ఈ తీగలో ఎక్కడైనా నేను వేయించిన ముడి ఉందేమోనని వెనక్కి వెతుక్కుంటాను. చాలాసార్లు ఉండదు. కొన్నిసార్లు ఉంటుంది. ఉన్న రోజున ఎవరూ అడగకముందే నేనే చెబుతాను. ఇన్నేళ్లయినా, చెప్పే ముందు నా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి.